ఆరోగ్యవరం: విశ్వాసం, వ్యాధిభయం

ఆరోగ్యవరం మదనపల్లె పక్కనున్న పాత క్షయ చికిత్సాలయం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, దిగులుకు క్రైస్తవ విశ్వాసం ఇచ్చిన జవాబు చూడాలంటే ఇదే సరైన చోటు. పలు మిషన్లు చేతులు కలిపి 1912లో పని మొదలుపెట్టాయి; 1915లో సొంత భవనాలు వచ్చాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ తొలి సూపరింటెండెంటు.

క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ బయటపడలేదు. అంతవరకూ వైద్యమంటే మంచి తిండి, కొండగాలి, నెలల తరబడి మంచం. ఇంటి దగ్గర పిల్లలేం తింటున్నారో, అప్పెవరు తీరుస్తారో, తిరిగెళ్తే ఊళ్లోవాళ్లు గడప తొక్కనిస్తారో లేదో! పడుకున్న మనిషిని జ్వరం కంటే ఇవే ఎక్కువ తినేసేవి. ఇలాంటి దిగులుకే బైబిల్లో జవాబుంది: యేసు కొండమీది ప్రసంగం చింతపడొద్దంటుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చింతను ప్రార్థనలో పెట్టమంటుంది. పౌలు అది రాసింది సంకెళ్లలో ఉండి, కాబట్టి తీరిక కబురని కొట్టిపారేయలేం.

అలాగని ఆరోగ్యవరం మందు స్థానంలో ప్రార్థనను కూర్చోబెట్టలేదు.

1948లో దేశంలో క్షయను నిరోధించే బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన రెండు చోట్లలో మదనపల్లె ఒకటి. ఇంటి దగ్గరే మాత్రలు వాడినా నయమవుతుందని 1959లో మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం తేల్చాక, శానటోరియంలలో నెలలు గడపాల్సిన అవసరం క్రమంగా తగ్గిపోయింది.