రేవు నుంచి నగరానికి: అమెరికన్ల మధ్యధరా నౌకావిహార చరిత్ర

మధ్యధరా సముద్ర తీరపు యాత్రలో పేరుమోసిన నగరాల్లో చాలావాటికి అసలు తీరమే లేదు. రోమ్‌కు వెళ్లే ఓడ ఆగేది అక్కడికి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న చివిటావెక్కియా రేవులో. ఫ్లోరెన్స్ చూడదలచినవారు లివోర్నోలో, ఏథెన్స్ చూడదలచినవారు పిరేయస్‌లో, కైరో చూడదలచినవారు అలెగ్జాండ్రియాలో దిగవలసిందే. అందువల్ల ఈ సముద్రంలో నౌకావిహారం, అంటే సరుకు కోసమో వలస కోసమో కాక కేవలం చూడడం కోసం సాగే ఓడ ప్రయాణం, మొదటినుంచీ సగం రైలు ప్రయాణంగానే నడిచింది. అమెరికన్ల విషయంలో దీనికి తొలి పెద్ద నిదర్శనం 1867లో న్యూయార్క్ నుంచి బయలుదేరిన క్వేకర్ సిటీ యాత్ర.

క్వేకర్ సిటీ పక్కల చక్రాలు తిరిగే ఆవిరి ఓడ. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళానికి పనిచేసి, యుద్ధం ముగిశాక విహారానికి మళ్లింది. దాని కెప్టెన్ చార్లెస్ డంకన్ బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చితో సంబంధం ఉన్నవాడు కావడంతో, ఆ చర్చి బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్, యుద్ధవీరుడు జనరల్ షెర్మన్ వస్తున్నారని మొదట ప్రచారం సాగింది గాని, చివరికి ఇద్దరూ రాలేదు. వచ్చినవారిలో చిరకాలం నిలిచిన పేరు శామ్యూల్ క్లెమెన్స్‌ది, అంటే మార్క్ ట్వేన్‌ది; అతని ఛార్జీని ఆల్టా కాలిఫోర్నియా అనే శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక చెల్లించింది, అతను దారిపొడుగునా రాసి పంపిన ఉత్తరాలే 1869లో ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ గ్రంథానికి ఆధారమయ్యాయి.

చరిత్రకారుడికి ఆ గ్రంథంలోని హాస్యం కంటే, యాత్రకు ముందు నిర్వాహకులు ప్రయాణికులకు పంచిన ప్రణాళిక పత్రమే ఎక్కువ విలువైనది. దాని ప్రకారం పెద్దవారి ఛార్జీ 1,250 డాలర్లు; ఒడ్డున అయ్యే ఖర్చులకు రోజుకు 5 డాలర్లు సరిపోతాయని అంచనా. ఛార్జీని కాగితపు డాలర్లలో చెల్లించవచ్చునని, ఒడ్డు ఖర్చును మాత్రం బంగారంలో లెక్కించుకోవాలని ఆ పత్రం చెప్పడానికి కారణముంది: అంతర్యుద్ధ కాలంలో అచ్చువేసిన కాగితపు డాలరు విలువ బంగారపు డాలరు కంటే అప్పటికీ బాగా తక్కువగా ఉండేది, దానిని యూరప్ హోటళ్లు అదే విలువకు తీసుకోవు. ఓడను వదలడం ఇష్టంలేనివారు ఏ రేవులోనైనా అదనపు ఖర్చు లేకుండా ఓడలోనే ఉండిపోవచ్చు. తిరగదలచినవారు మార్సెయ్‌లో దిగి ఆ ఏడు ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న పారిస్‌కు, జెనోవాలో దిగి మిలాన్, వెనిస్‌లకు రైలులో పోయి, ఫ్లోరెన్స్ మీదుగా లివోర్నోలో మళ్లీ ఓడను అందుకోవచ్చు. ఇంకా విచిత్రమైన నిబంధన ఏమంటే, ప్రయాణికులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటే దారినే మార్చుకోవచ్చు. ఒక రేవులో దిగి మరొక రేవులో ఎక్కే ఈ స్వేచ్ఛ ఆ యాత్రకు ప్రాణం వంటిది. తరువాతి కాలపు నౌకావిహారాలు మొదట పోగొట్టుకున్నదీ దీనినే.

రైలుకు మరొక ప్రయోజనం కూడా ఉందని దారిలో తేలింది. ఆ సంవత్సరాలలో కలరా యూరప్‌ను పీడిస్తున్నందున, అనుమానమున్న రేవు నుంచి వచ్చిన ఓడను కొన్నాళ్లపాటు ఒడ్డుకు దూరంగా నిలిపివేసే క్వారంటైన్ పద్ధతి కఠినంగా అమలయ్యేది. నేపుల్స్‌లో క్వేకర్ సిటీని అలాగే ఆపివేయగా ఓడలో ఉన్నవారు నగరాన్ని దూరంనుంచి చూస్తూ కూర్చున్నారు. రోమ్ నుంచి రైలులో వచ్చిన ట్వేన్ బృందం మాత్రం నిరాటంకంగా వీధుల్లో తిరిగింది. పిరేయస్‌లో ఆ సౌకర్యం లేక, ట్వేన్‌తో పాటు మరి ముగ్గురు రాత్రివేళ నిషేధాన్ని ధిక్కరించి దొంగచాటుగా ఒడ్డు చేరి అక్రోపొలిస్ చూసివచ్చారు. స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్, నుంచి ఎఫెసస్ శిథిలాలకు రైలులో పోయినప్పుడు, దిగిన తరువాత తిరగడానికి సరకు పెట్టెల్లో 60 గాడిదలను వెంట తీసుకుపోయారు; స్టేషన్ నుంచి చూడవలసిన చోటుకు చేరడమెలా అనే చిక్కుకు ఇంత సూటి పరిష్కారం తరువాతి యాత్రా సంస్థలకు కూడా తట్టలేదు.

డబ్బు మోసుకుపోవడం ఆనాటి మరొక సమస్య. మన హుండీ వంటి పరపతి లేఖను బ్యాంకు నుంచి పుచ్చుకుని, పెద్ద నగరాల్లోని బ్యాంకుల్లో చూపి నగదు తీసుకునేవారు గాని, చిన్న ఊళ్లలో అది చెల్లేది కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అధ్యక్షుడు జేమ్స్ ఫార్గోకే 1890 నాటి యూరప్ ప్రయాణంలో ఈ ఇబ్బంది ఎదురుకావడంతో, ఆ సంస్థ ఉద్యోగి మార్సెలస్ బెర్రీ 1891లో ట్రావెలర్స్ చెక్కును రూపొందించాడు.

అదే సంవత్సరం జర్మనీలోని హాంబర్గ్ అమెరికా సంస్థ, చలికాలంలో అట్లాంటిక్ మీద ప్రయాణికులు లేక ఊరికే పడి ఉండే ఆగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా విహారానికి పంపింది. న్యూయార్క్ నుంచి జిబ్రాల్టర్, నేపుల్స్, జెనోవాలకు నేరుగా ఓడలు నడవడమూ ఆ కాలంలోనే మొదలయింది. ఈ ఓడలను నిజంగా పోషించింది తూర్పుకు పోయే విహారయాత్రికులు కారు. అడుగు అంతస్తులో కిక్కిరిసి పడమటికి వచ్చిన ఇటలీ వలస కూలీలు. విహారానికీ వలసకూ ఉన్న ఈ బంధాన్ని నౌకావిహార చరిత్రలు తరచుగా దాటవేస్తాయి. 1924 నాటి అమెరికా వలస చట్టం దక్షిణ యూరప్ నుంచి రాకను దాదాపు ఆపివేసిన తరువాత, ఖాళీ అయిన ఆ చౌక అంతస్తులనే శుభ్రపరచి, ‘టూరిస్ట్ థర్డ్’ అనే కొత్త పేరుతో విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ అమ్మారు.

1958 అక్టోబరు 26న పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్క్, పారిస్‌ల మధ్య జెట్ విమానాన్ని ప్రారంభించడంతో ఈ క్రమం తలకిందులయింది. అమెరికన్ యాత్రికుడు ఓడలో సముద్రం దాటి రైలులో నగరానికి పోవడం మాని, విమానంలో నేరుగా నగరానికి చేరి అక్కడినుంచి రేవుకు పోవడం మొదలుపెట్టాడు. 1959లో వచ్చిన యూరెయిల్ పాస్, అంటే ఒకే టిక్కెట్టుతో అనేక దేశాల రైళ్లు ఎక్కనిచ్చే ఏర్పాటు, యూరప్ బయటివారికోసమే ఉద్దేశించినది. ఓడ ఎక్కే ముందు ఒకటి రెండు రాత్రులు, దిగిన తరువాత మరి రెండు రాత్రులు నగరంలో హోటల్లో బసచేసే నేటి అలవాటుకు మూలం ఈ మార్పులో ఉంది: విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. 1867లో ప్రయాణికులు పారిస్ చూసివచ్చేదాకా ఓడ మార్సెయ్‌లో లంగరు వేసుకుని ఉండగా, నేడు ఉదయం రేవు చేరిన ఓడ సాయంత్రానికే తాళ్లు విప్పుతుంది కనుక, చివిటావెక్కియా నుంచి రోమ్ పోయిన యాత్రికుడు కొలోసియం ముందు కూడా గడియారమే ఎక్కువగా చూసుకుంటాడు. నగరం నిజంగా చూడదలచినవారికి మిగిలింది ఓడకు ముందూ వెనుకా ఉన్న ఆ హోటల్ రాత్రులే.

రేవుకూ నగరానికీ మధ్య ఉన్న ఈ దూరానికి తాజా ఉదాహరణ వెనిస్. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలు అక్కడి జుడెక్కా కాలువలోకి రాకుండా ఇటలీ ప్రభుత్వం నిషేధించడంతో, కరపత్రంలో వెనిస్ పేరున్న విహారాలలో కొన్ని రవెన్నాలోనో, వెనిస్‌కు రైలులో సుమారు రెండు గంటల దూరమున్న ట్రియెస్టేలోనో మొదలవుతున్నాయి. టిక్కెట్టు కొనేవారు అందులోని నగరం పేరుకు ముందు రేవు పేరు చదువుకోవడం, ఆ రేవుకు రైలు ఎంత దూరమో చూసుకోవడం అవసరం.