వంటింటి నీలి మంట

ఈ పూట వంట గురించి కాదు, వంట చేసిపెట్టే మంట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. తెల్లవారి లేవగానే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, ఆ వెంటనే మనం చెయ్యి వేసేది గ్యాసు పొయ్యి మీదే. రోజూ మన చేతిలో ఉండే ఈ పొయ్యి కథ మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

మాది ముమ్మిడివరం. మా చిన్నప్పుడు కోనసీమ ఇళ్లలో వంటచెరకుకు లోటు లేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు పెరట్లో గుట్టలుగా పడి ఉండేవి. లోటల్లా ఆడవాళ్ల కళ్లకీ, ఊపిరికీనే. వానాకాలంలో తడిసిన మట్టలు ఓ పట్టాన అంటుకునేవి కావు. మా అమ్మ ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ, కళ్లు చింతనిప్పులు చేసుకుని బయటికి వచ్చేది. ఆ తర్వాత కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. పొగ తగ్గిందిగానీ అన్నం కూడా కిరసనాయిలు వాసనే వేసేది.

మన దేశంలో గ్యాసు బండ అమ్మకం 1955లో బొంబాయిలో మొదలైంది. అప్పట్లో బర్మాషెల్ కంపెనీ దాన్ని బర్షేన్ అనే పేరుతో అమ్మింది. 1965 అక్టోబరులో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చారు. అయినా చాలాకాలం అది కలవారింటి వస్తువే. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లున్నారు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ల పేరు మీద బండ ఇంటికొచ్చింది. ఇంట్లో ఆడదాని పేరు మీద వచ్చిన మొదటి కాగితం అదే అయిన ఇళ్లు ఎన్నో. 2016లో ఉజ్జ్వల పథకంతో దేశమంతటా పేద ఇళ్లకు గ్యాసు చేరింది.

విచిత్రమేమిటంటే, మన కోనసీమ నేల కిందే బోలెడు గ్యాసు ఉంది. దాని ఉగ్రరూపం నేను పదో తరగతి చదివేటప్పుడు చూశాను. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి నుంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆరేసరికి 65 రోజులు పట్టింది, మార్చి నెల సగమైపోయింది. చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. రాత్రిళ్లు డాబా ఎక్కితే మాకు పడమటి ఆకాశం ఎర్రగా కనిపించేది. పరీక్షలకు చదువుకుంటూ, పుస్తకం మూసి అటే చూస్తూ కూర్చునేదాన్ని.

పాశర్లపూడి మంట అందరికీ కనబడింది. నగరంలో గ్యాసు అలా కాదు, కంటికి కనబడకుండా వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ వారి గొట్టం పగిలి, గ్యాసు ఊరి మీదికి పాకింది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే భగ్గుమందని అప్పటి పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. గొట్టం తుప్పు పట్టి ఉంది. గ్యాసు కారుతోందని ముందే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

ఇక్కడ వాసన కథ కూడా చెప్పాలి. గ్యాసుకి స్వతహాగా వాసన లేదంటే నమ్ముతారా? 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి బడి కింద గ్యాసు చేరింది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఒక యంత్రం స్విచ్చి వేస్తే వచ్చిన నిప్పురవ్వకి బడి కూలిపోయింది. పిల్లలూ పంతుళ్లూ కలిపి దాదాపు 300 మంది పోయారు. అదే ఆవరణలో వేరే కట్టడంలో ఆ పిల్లల తల్లులు సమావేశమై ఉన్నారు. వాళ్ల కళ్లముందే జరిగింది. ఆ తర్వాతే గ్యాసులో చెడు వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు. మన బండలో కలిపే ఆ మందు పేరు ఇథైల్ మెర్కాప్టాన్. కుళ్లిన ఉల్లిపాయ వాసనలా ఉంటుంది. మనం ముక్కు మూసుకునే ఆ వాసన వెనక అంతమంది తల్లుల కడుపుకోత ఉందమ్మా.

ఇంకో సంగతి. భూమిలోంచి వచ్చే గ్యాసు ఎక్కువగా మీథేన్. అది గాలి కన్నా తేలిక, పైకి పోతుంది. మన బండలోది ప్రొపేన్, బ్యూటేన్. గాలి కన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. అందుకే పై కిటికీ తెరిస్తే చాలదు, తలుపులు బార్లా తీయాలి.

ఇప్పుడు నా తప్పు కూడా ఒప్పుకుంటాను. నల్లగా జిడ్డుగా ఉందని గ్యాసు ట్యూబుకి పూలగుడ్డతో ముచ్చటగా తొడుగు కుట్టాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒక తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్లి లైటు స్విచ్చి మీద చెయ్యి వేయబోతుంటే, వెనకనుంచి మా అత్తగారు గబుక్కున చెయ్యి పట్టుకున్నారు. “ఆగవే అమ్మాయ్, వాసన తెలియడంలేదూ?” అన్నారు. జలుబు వల్ల నాకు తెలియలేదు. చీకట్లోనే తలుపులు తీసి, రెగ్యులేటరు కట్టేశాం. తెల్లవారాక తొడుగు విప్పి చూద్దును గదా, లోపల ట్యూబుని ఎలుక కొరికేసింది! నా ముచ్చట నిజాన్ని దాచిపెట్టింది. బడికి వెళ్లని మా అత్తగారే ఆ పూట మా ఇంటిని కాపాడారు.

కాబట్టి ట్యూబుకి తొడుగులొద్దు. ఐఎస్ఐ గుర్తున్న ట్యూబు కొని, దాని మీద వేసిన గడువు దాటకుండా మార్చండి. కారుతోందని అనుమానం వస్తే సబ్బు నురుగు రాసి చూడండి, బుడగలు చెబుతాయి. అగ్గిపుల్ల గీసి చూడడం మాత్రం ప్రాణాంతకం. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906 నంబరుకి ఫోను చేయండి.

మంట నీలంగా ఉంటే పొయ్యి బాగున్నట్టు. పచ్చగా మారి గిన్నెల అడుగు నల్లబడుతుంటే, పొంగిన గంజీ పాలూ బర్నరు కన్నాల్లో అడ్డుపడ్డాయన్నమాట. అప్పుడు గ్యాసు సరిగా మండక విషవాయువు పుడుతుంది. వారానికోసారి రెగ్యులేటరు కట్టేసి, పొయ్యి చల్లారాక బర్నర్లు తీసి, సబ్బు కలిపిన వేడినీళ్లలో నానబెట్టండి. కన్నాలు సూదితో పొడిచి, కడిగి, తడి లేకుండా బాగా ఆరబెట్టి సరిగ్గా కూర్చోబెట్టండి. పావుగంట పని.

ఊదుగొట్టం నుంచి మా అమ్మకి విముక్తి కలిగించిన మంట ఇది. నగరంలో చెప్పినా వినేవాళ్లు లేకపోయారు. మన వంటింట్లో చెప్పేదీ, వినేదీ మనమే. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి వెళ్లి రెగ్యులేటరు కట్టేశారో లేదో చూసుకోండి. సెలవు.