ఎన్నూరు ఉప్పుటేట్లో మగ్గులు, బకెట్లు

"ఈ చెప్పులు మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళలేరు సార్, పర్లేదా?" పడవ ఎక్కించుకునే ముందు ఆ మనిషి అడిగేది ఇదొక్కటే. మీరు తలూపగానే ఒక తువ్వాలు ముక్క చేతికిచ్చి ముక్కుకు కట్టుకోమంటాడు. తను మాత్రం కట్టుకోడు. రోజుల తరబడి ఏటి మీద తేలుతున్న ఈ నూనె వాసనలోనే ఉన్నాడు. కట్టుకున్నా, మానినా తలనొప్పి ఒకటేనంటాడు.

2023 డిసెంబర్ రెండో వారం. చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు ఉప్పుటేరు. మన నగరి వైపు నుంచి వచ్చే నీళ్ళు కలుపుకుని కుశస్థలి నది సముద్రంలో పడేది ఇక్కడే. కోస్తా పొడవునా తవ్విన బకింగ్‌హామ్ కాలువ ఈ ఏటిని ఇక్కడే తాకుతుంది. ఒడ్డున నెట్టుకుప్పం, తాళంకుప్పం, కాట్టుకుప్పం. అన్నీ బెస్తవాళ్ళ పల్లెలే. పల్లెల వెనక థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, దక్షిణంగా మణలి రిఫైనరీ, ఉత్తరంగా కామరాజర్ పోర్టు.

పడవ కదులుతుంది. ఇంజను వేయరు. తెడ్డుతోనే పోవాలి, ఎందుకంటే ఫ్యాను తిరిగితే నూనె, నీళ్ళు కలిసిపోతాయి, కలిసినదాన్ని ఎత్తడం ఇంకా కష్టం. ఒడ్డుకు దగ్గరగా నీళ్ళు నల్లగా, మందంగా, ముడతలు పడి ఉన్నాయి. నడి ఏట్లో అదే పలచనై రంగురంగుల తెరలా మెరుస్తోంది. మెరుపు చూసి ఇక్కడ పోయిందిలే అనుకోకండి. పలచగా ఉన్నచోటే ఎత్తడం అసాధ్యం.

ముందు పడవలో ముగ్గురున్నారు. ఒకతను అంచు మీద వంగి ప్లాస్టిక్ మగ్గు నీళ్ళలోకి అడ్డంగా దించుతాడు. పాల మీద మీగడ తీసే ఒడుపే ఇదీ. మగ్గు కాస్త లోతుకు దిగిందా, నీళ్ళే వస్తాయి. పైపైన లాగితే నల్లటి జిగురు మడత పడి లోపలికి జారుతుంది. రెండో అతను దాన్ని బకెట్లోకి అందుకుంటాడు, మూడో అతను బకెట్‌ను డ్రమ్ములోకి వంపుతాడు. కాసేపాగితే డ్రమ్ములో నూనె పైకి తేలుతుంది, నీళ్ళు అడుగున ఉంటాయి. అందుకే డ్రమ్ము నిండినట్టే కనిపిస్తుంది గానీ అందులో సగానికి పైగా ఏటి నీళ్ళే. ఒకరి చేతికి గ్లౌజులున్నాయి, ఒకరివి చినిగిపోయాయి, మూడో అతను ఉత్త చేతులతోనే పని చేస్తున్నాడు. మోచేతుల దాకా నలుపు. సాయంత్రం కొబ్బరినూనె రాసి, గోనెపట్టాతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు. ముందే సబ్బు పెడితే వదలదని వాళ్ళకు రెండో రోజుకే తెలిసిపోయింది.

ఒక పెద్ద రిఫైనరీకి దగ్గర్లోనే, ఒక రాష్ట్ర రాజధాని అంచున, నూనె తెట్టును తొలగించే సాధనం మగ్గు. చూస్తుంటే మీకు ఒళ్ళు మండుతుంది. పడవవాళ్ళకు అంత తీరిక లేదు. ఆటు మొదలయ్యేలోపు ఈ వంక ఖాళీ చేయాలి.

ఇదంతా ఎలా మొదలైందంటే, తుపానుతో. మిచౌంగ్ అంటే మనవాళ్ళకు డిసెంబర్ 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటడం, కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకోవడం గుర్తొస్తాయి. దానికి ముందు 3, 4 తేదీల్లో ఆ తుపాను చెన్నైని ముంచి వచ్చింది. మణలిలో చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ రిఫైనరీ ఆవరణలో నిలిచిన వరదనీరు నూనెను వెంటబెట్టుకుని బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కణ్ణుంచి ఏట్లోకి వచ్చింది. దారిలో మణలి, ఎర్నావూరు ఇళ్ళలోకీ దూరింది. నీళ్ళు తీశాక గోడల మీద ఎంత ఎత్తున వరద వచ్చిందో కొలిచి గీసినట్టు నల్లటి చార మిగిలింది. తమ పైపులైన్లలో లీకేజీ ఏమీ లేదని కంపెనీ మొదట చెప్పింది. కాలుష్య నియంత్రణ మండలి వెళ్ళి చూసి, వాననీటిని బయటికి వదిలే ఏర్పాట్లలోనే లోపాలున్నాయని తేల్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఎవరి ఫిర్యాదూ లేకుండానే కేసు చేపట్టింది.

లీకేజీ లేదన్న మాట, ఏట్లో కళ్ళెదుట ఉన్న నూనె, రెండూ ఎలా పొసగుతాయో అర్థం కావాలంటే రిఫైనరీ కాల్వల సంగతి కొంచెం తెలియాలి. ప్రతి రిఫైనరీలోనూ నేల మీద పడ్డ నూనె వాననీటితో కలిసి ఒక తొట్టిలోకి చేరుతుంది. నీళ్ళు అక్కడ నింపాదిగా కదులుతుంటే నూనె పైకి తేలుతుంది. దాన్ని తోడేసి, అడుగు నీటిని శుద్ధి చేసి వదులుతారు. కిటుకంతా ఆ నింపాదిలోనే ఉంది. ఆవరణే చెరువైనప్పుడు నీళ్ళు తొట్టిలో ఆగవు. పైపు పగలకుండానే, వాల్వు తెరవకుండానే, ఏళ్ళ తరబడి పేరుకున్న నూనె గోడ దాటిపోవచ్చు.

పడవ మొగ వైపు తిరుగుతుంది. నీటి మీద నారింజ రంగు గొట్టం ఒకటి బారుగా తేలుతోంది. ఇదే బూమ్. పైన గాలి నింపిన తేలుడు భాగం, కింద నీళ్ళలోకి వేలాడే గుడ్డ, ఆ గుడ్డ నిటారుగా నిలవడానికి అడుగున గొలుసు. నూనెను ఆపే పనిముట్లలో ఇంతకన్నా సులువైనది లేదు, ఇంతకన్నా సులువుగా తప్పుగా వేసేదీ లేదు. నీటి వేగం సెకనుకు అడుగు కంటే కాస్త ఎక్కువైతే చాలు, అడ్డంగా కట్టిన బూమ్ కింద నుంచి నూనె దూరిపోతుంది. అందుకని ఏటవాలుగా కట్టి, నూనెను ఒడ్డున నిదానంగా ఉండే మూలకు నడిపించి, అక్కడ పైతెట్టును లాగే స్కిమ్మర్ యంత్రంతో తోడాలి. ఆ నిదానపు మూల ఎక్కడుందో ఏ మ్యాపులోనూ ఉండదు. చిన్నప్పటి నుంచీ ఇక్కడ రొయ్యలు పట్టిన వాళ్ళకు తెలుసు. పడవ మనిషి తెడ్డు చాపి చూపిస్తాడు. పోటులో నూనె ఆ మడచెట్ల వంకలోకి ఎక్కుతుంది, ఆటులో ఆ వంతెన కాళ్ళ దగ్గరికి దిగుతుంది, మళ్ళీ పోటుకు తిరిగొస్తుంది. రోజుకు రెండుసార్లు ఇదే తంతు.

బూమ్‌లు వచ్చాయి, స్కిమ్మర్లు వచ్చాయి, మురుగు తోడే లారీలు బారులు తీరాయి. కానీ తుపాను వెలిసిన తర్వాత రోజులు గడిచాక వచ్చాయి. ఈలోపు ఒడ్డునున్న నూనె సముద్రం దాకా పోయింది. సముద్రంలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర తెట్టు పరచుకుంది. అక్కడ కోస్ట్‌గార్డు నౌకలు, హెలికాప్టర్లు దిగి నూనెను చిన్న చిన్న బొట్లుగా విరిచే మందు చల్లాయి. ఆ మందును లోతైన నీళ్ళలో వాడతారు. మోకాలి లోతు ఏట్లో చల్లితే విరిగిన నూనె నేరుగా బురదలోకి, పీతల బొరియల్లోకి పోతుంది. అందుకే ఇక్కడ చేతులే దిక్కు.

పాతబడేకొద్దీ నూనె మారిపోతుంది కూడా. తేలికైనదంతా మొదటి రెండు మూడు రోజుల్లో ఆవిరై ఊళ్ళోవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన బరువైనది అలల తాకిడికి నీటిని పీల్చుకుని చిక్కబడుతుంది, దాని పరిమాణం మూడు నాలుగు రెట్లవుతుంది. స్కిమ్మర్‌కూ, పంపుకూ లొంగదు. మొదటి రోజు ఒక బూమ్ చేసే పనిని పదో రోజున వంద బకెట్లు చేయలేవు. ఎన్నూరులో నాకు కనిపించిన అసలు తప్పు ఇదే. నూనె తీయడం చేతకాకపోవడం కన్నా, నూనె ఉందని ఒప్పుకోవడానికి పట్టిన కాలమే ఎక్కువ నష్టం చేసింది.

ఒడ్డున ఒక గూడబాతు. తెల్లగా ఉండాల్సిన పొట్ట గోధుమరంగులో ముద్దకట్టింది. రెక్క విదిలించి ముక్కుతో ఈకలు సర్దుకుంటోంది, మళ్ళీ సర్దుకుంటోంది. సర్దుకునేటప్పుడే ఆ నూనె కడుపులోకి పోతుంది. అటవీశాఖ వాళ్ళు వల పట్టుకుని దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుంది. ఎగరగలిగిన పక్షిని పట్టలేరు, ఎగరలేని స్థితికొచ్చాక పట్టినా బతకడం కష్టం. ఇక్కడి నుంచి ఉత్తరంగా పోతే పులికాట్, ఆ పైన మన నేలపట్టు. అక్కడ గూడబాతులు గూళ్ళు కట్టే కాలం కూడా ఇదే.

మడచెట్ల దగ్గర పడవ ఆగుతుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరివేళ్ళన్నిటికీ నల్లపూత. చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనే. వీటిని ఒక్కొక్కటిగా తుడవాలా, బురద తొక్కి ఇంకా పాడుచేయకుండా వదిలేయాలా అన్నది ఎక్కడైనా చిక్కు ప్రశ్నే. తొక్కిన ప్రతి అడుగూ నూనెను లోపలికి దింపేస్తుంది.

ఈ తీరానికి ఇది మొదటిసారైతే కొంత సర్దిచెప్పుకోవచ్చు. 2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ పోర్టు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు నౌకలు ఢీకొన్నాయి. అప్పుడూ మొదట చెప్పింది పర్యావరణానికి నష్టమేమీ లేదనే. తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన తారులాంటి ముద్దను ఎత్తడానికి మనుషులు బకెట్లు పట్టుకుని వరస కట్టారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. దాదాపు ఏడేళ్ళు గడిచాయి. బకెట్లు అవే.

కాగితం మీద లోటేమీ లేదు. 1996 నుంచి జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక ఉంది, కోస్ట్‌గార్డు దానికి పెద్ద. 700 టన్నుల లోపు ఒలికితే స్థానికంగా పోర్టు, కంపెనీలే తమ సామగ్రితో అదుపు చేయాలి. తీరాన్ని శుభ్రం చేయడం రాష్ట్రం పని. కానీ వరదలో ఒక కాలువ గుండా ఊళ్ళ మధ్యకు నడిచొచ్చిన నూనె ఎవరిది? ఆ తగవు తేలేదాకా మగ్గు పట్టుకున్నది బెస్తవాళ్ళే. రోజుకూలికి. నూనె ఎత్తితే కూలొస్తుంది, ఎత్తకపోతే చేపలు రావు, చేపలొచ్చినా ఎన్నూరు చేపంటే కొనేవాడు లేడు.

శుభ్రం చేయడం 17వ తేదీకల్లా ముగించాలని ట్రిబ్యునల్ గడువు పెట్టింది. తమిళనాడు ప్రభుత్వం 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, పాడైన 787 పడవలకు 10,000 చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున ప్రకటించింది. మొత్తం కలిపితే 8 కోట్ల 68 లక్షలకు పైగా. నూనె పట్టిన వల మళ్ళీ పనికిరాదు. ఒక మంచి వల ఖరీదెంతో మీ ఊరి రేవులో ఎవరినడిగినా చెబుతారు. ఆ నెల గడవకముందే, 26వ తేదీ అర్ధరాత్రి, ఇదే ఎన్నూరులో సముద్రం అడుగున వేసిన ఒక ఎరువుల ఫ్యాక్టరీ పైపు నుంచి అమ్మోనియా లీకై పల్లె జనం చీకట్లో పరుగులు తీశారు.

పడవ రేవుకు తిరిగొచ్చింది. చెప్పులు ఇక ఇక్కడే వదిలేయండి.

విశాఖలో, కాకినాడలో, కృష్ణపట్నంలో ఉండేవాళ్ళకు ఒక మాట. మీకు దగ్గర్లో రిఫైనరీయో, ఆయిల్ డిపోయో ఉంటే దాని వాననీళ్ళు ఏ గెడ్డలోకి, ఏ కాల్వలోకి పోతాయో ఒకసారి వెళ్ళి చూడండి. ఆ కాల్వకు సరిపోయే బూమ్ ఎక్కడ ఉంచారో, ఎంతసేపట్లో తెస్తారో కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి అడగండి. హైవే మీద ట్యాంకరు బోల్తాపడి వాగులోకి పెట్రోలు పోతుంటే మాత్రం బిందె పట్టుకుని దగ్గరికి పోవద్దు. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అలా వెళ్ళినవాళ్ళలో 200 మందికి పైగా కాలిపోయారు. గాలికి ఎదురుగా, దూరంగా జరగండి. బండి స్టార్ట్ చేయకండి, బీడీ వెలిగించకండి. వాగు దిగువ ఊరికి కబురు చేసి, 112కి ఫోన్ కొట్టండి.