ఎత్తు పెంచిన పికప్ బండికి షాక్ అబ్జార్బర్లు: కొనే ముందు టేపుతో కొలవండి

కడియం నర్సరీల నుంచి మొక్కలు, లంకల నుంచి రావులపాలెం యార్డుకు అరటి గెలలు, కోనసీమ తోటల నుంచి అంబాజీపేటకు కొబ్బరి, భీమవరం, ఆకివీడు చెరువుల నుంచి చేపల ట్రేలు. గోదావరి డెల్టాలో ఏ పంట కదలాలన్నా పికప్ బండి కావాలి. కాలువ గట్ల మీద గుంతలు, లంకల్లో ఇసుక బాటలు, వానాకాలం నల్లమట్టి బురద తట్టుకోవడానికి చాలామంది కమాన్ కట్టల్లో అదనపు పట్టీలు వేయించి బండి వెనక భాగాన్ని లేపుతున్నారు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఘాట్ రోడ్లకు వెళ్ళే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకైతే ముందూ వెనకా రెండూ లేపుతున్నారు.

ఇలా లేపిన బండికి షాక్ అబ్జార్బర్లు మార్చాల్సి వచ్చినప్పుడు తరచూ పొరపాటు జరుగుతోంది. కొందరు కంపెనీ సైజే మళ్ళీ వేయిస్తారు. కొందరు "పెద్ద బండి షాక్ అయితే గట్టిగా ఉంటుంది" అని పొడవైనది తెచ్చి బిగిస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ కొద్ది నెలలకే షాక్ కారడమో, దాని చెవి విరగడమో, ఛాసిస్ మీది బ్రాకెట్ ఊడిపోవడమో జరుగుతుంది. లోడుతో గట్టు మీద వెళ్తున్నప్పుడు ఇది జరిగితే నష్టం షాక్ ఖరీదుతో పోదు. అందుకే లేపిన బండికి బ్రాండు, ధర చూసే ముందు కొలత చూడాలి. ఆ కొలతలు మీరే తీసుకోవచ్చు.

షాక్ అబ్జార్బర్ చేసే పని

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. బరువు మోసేది కమాన్ కట్ట. గుంతలో పడినప్పుడు కమాన్ నొక్కుకుపోయి మళ్ళీ పైకి లేస్తుంది. ఆపేది ఏదీ లేకపోతే బండి అలా ఊగుతూనే ఉంటుంది. షాక్ లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది. సన్నటి రంధ్రాల గుండా నూనె వెళ్ళాల్సి రావడంతో ఆ కదలిక నెమ్మదిస్తుంది. ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, షాక్ మార్చినంత మాత్రాన కుంగిన బండి లేవదు. కుంగితే కమాన్ చూపించుకోవాలి. రెండు, పట్టీలు పెంచితే కమాన్ మరింత బలంగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును ఆపడానికి షాక్‌కు కూడా అంత పట్టు ఉండాలి. ఖాళీ బండి వెనక భాగం గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే కారణం చాలావరకు ఇదే.

బండి లేపినప్పుడు ఏం మారుతుంది?

పట్టీలు వేసి బండిని 40 మిల్లీమీటర్లు లేపారనుకోండి. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు యాక్సిల్ మునుపటికంటే దాదాపు అంత మేర కిందికి దిగుతుంది. పాత షాక్ అంత సాగలేదు. అప్పుడు యాక్సిల్ బరువంతా షాక్ మీద వేలాడి, ప్రతి గుంతలోనూ దాని చెవిని లాగుతుంది.

మరి పొడవైన షాక్ వేస్తే సరిపోతుందా? ఇక్కడే అసలు చిక్కు. బండి నిండా లోడు పడి కమాన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు యాక్సిల్ పైకి వచ్చి, ఛాసిస్ కింద ఉన్న బంప్ రబ్బరుకు తగిలి ఆగుతుంది. బండి లేపినా ఆ రబ్బరు ఉన్నచోటే ఉంటుంది. అంటే షాక్ ఎక్కువ సాగాలి, కానీ ముడుచుకున్నప్పుడు మాత్రం పాతదంత పొట్టిగానే ఉండాలి. సాగినప్పుడు పొడవుగా ఉండే షాక్ ముడిచినా పొడవుగానే ఉంటే, యాక్సిల్ రబ్బరుకు తగలకముందే షాక్ అడుగంటుతుంది. లోడు దెబ్బంతా షాక్ మీద, దాని బ్రాకెట్ల మీద పడుతుంది.

ఇంట్లోనే తీసుకోవాల్సిన 3 కొలతలు

చదునైన గచ్చు నేల, మిల్లీమీటర్ల టేపు, జాకీ, రెండు గట్టి స్టాండ్లు ఉంటే చాలు. ఇటుకలు, కొబ్బరి దుంగలు పెట్టి బండి కింద దూరవద్దు. వెనక భాగం లేపేటప్పుడు ముందు చక్రాలకు, ముందు భాగం లేపేటప్పుడు వెనక చక్రాలకు అడ్డు పెట్టండి.

1. నిలబడిన కొలత: ఖాళీ బండి చదునుగా ఉన్నప్పుడు షాక్ పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు కొలవండి.

2. వేలాడే కొలత: ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలను గాలిలో వేలాడనివ్వండి. షాక్ కింది బోల్టు తీసేసి యాక్సిల్‌ను పూర్తిగా దిగనిచ్చి, పై బ్రాకెట్ రంధ్రం నుంచి కింది బ్రాకెట్ రంధ్రం వరకు కొలవండి. బోల్టు తీయకుండా కొలిస్తే పాత షాక్ పొడవే వస్తుంది. యాక్సిల్ దిగేటప్పుడు బ్రేక్ గొట్టం బిగిసిపోకుండా చూడండి.

3. రబ్బరు ఖాళీ: బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు బంప్ రబ్బరు కొనకూ అది తగిలే చోటుకూ మధ్య ఖాళీ ఎంతో కొలవండి. రబ్బరు ఎత్తు కూడా రాసుకోండి. గట్టి దెబ్బకు రబ్బరు సుమారు సగం నొక్కుకుంటుందని లెక్క వేసుకోవాలి.

ఉదాహరణకు నిలబడిన కొలత 460, వేలాడే కొలత 510, రబ్బరు ఖాళీ 100, రబ్బరు ఎత్తు 30 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం.

- వేలాడే కొలత 510కి కనీసం 15 కలపండి. కొత్త షాక్ పూర్తిగా సాగినప్పుడు పొడవు 525 లేదా కాస్త ఎక్కువ ఉండాలి.
- 460 నుంచి ఖాళీ 100, రబ్బరులో సగం 15 తీసేస్తే 345. అందులో జాగ్రత్తకు మరో 15 తీసేయండి. కొత్త షాక్ పూర్తిగా ముడిచినప్పుడు పొడవు 330 లేదా అంతకంటే తక్కువ ఉండాలి.

ఇప్పుడు షాపులో 560 వరకు సాగి, 360 వద్ద ముడుచుకునే షాక్ చూపించారనుకోండి. సాగే లెక్క సరిపోయింది. కానీ యాక్సిల్ 345 వరకు రావాల్సి ఉండగా ఈ షాక్ 360 దగ్గరే అడుగంటుతుంది. ఎంత మంచి కంపెనీదైనా అది మీ బండికి పనికిరాదు.

షాక్ ఏటవాలుగా ఉన్న బండ్లలో యాక్సిల్ కదిలినంత షాక్ కదలదు. కాబట్టి ఈ లెక్క కాస్త భద్రతవైపే ఉంటుంది. రెండు పక్కలా కొలవండి. తేడా వస్తే ముందు కమాన్ పట్టీలు, బుష్‌లు చూపించుకోవాలి.

ముందు భాగంలో కమాన్ బదులు టార్షన్ బార్ ఉన్న బండ్లకు ఈ లెక్క అలాగే వాడవద్దు. బార్ బిగించి ఎత్తు పెంచినా కింది ఆర్మ్ దిగే హద్దు మారదు. కాబట్టి వాటికి సాధారణంగా కంపెనీ పొడవే సరిపోతుంది.

పాత షాక్ నిజంగా పోయిందా?

బానెట్ నొక్కి చూసే పద్ధతి చిన్న కార్లకు సరే గాని, గట్టి కమాన్లున్న పికప్‌కు పనికిరాదు. వీటిని చూడండి.

- షాక్ ఒంటి మీద నూనె ధారగా కారి మట్టి పట్టి ఉంటే అది పోయినట్టే. పైన సన్నటి తేమ పొర మాత్రమే ఉంటే భయం లేదు.
- గతుకుల దారిలో ఐదారు కిలోమీటర్లు నడిపి ఆపి, చేయి జాగ్రత్తగా దగ్గర పెట్టి చూడండి. పనిచేసే షాక్ వెచ్చబడుతుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పని చేయడం లేదు.
- కింది బోల్టు తీసి చేత్తో లాగి, నొక్కి చూడండి. పట్టు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. మధ్యలో ఖాళీగా జారితే మార్చాలి.
- టైరు అంచు మీద అక్కడక్కడా గిన్నెల్లాంటి గుంటలు పడితే చక్రం నేలను వదిలి ఎగురుతోందని అర్థం. అలాంటప్పుడు బ్రేకు వేసినా బండి త్వరగా ఆగదు.

చప్పుడు వస్తే వెంటనే షాక్‌లు కొనకండి. చాలాసార్లు తప్పు అరిగిన రబ్బరు బుష్‌లదీ, వదులైన యు-బోల్టులదీ అవుతుంది. వాటికయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఏ రకం ఎంచుకోవాలి?

మామూలు ఆయిల్ షాక్: చవక. మెల్లగా, తక్కువ దూరాలు తిరిగే బండికి సరిపోతుంది. గతుకుల్లో ఎక్కువసేపు నడిస్తే లోపలి నూనె వేడెక్కి నురగ కట్టి పట్టు తగ్గుతుంది.

గ్యాస్ నింపిన రెండు గొట్టాల షాక్: నూనెతోపాటు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. నురగ తక్కువ. బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా లోపలి గొట్టం పని ఆగదు. గట్లు, లంక బాటలు, హైవే కలిపి తిరిగే డెల్టా బండికి ఎక్కువగా నప్పేది ఇదే.

ఒకే గొట్టం షాక్, అంటే మోనోట్యూబ్: వేడిని త్వరగా వదులుతుంది. ఘాట్ రోడ్లలో లోడుతో గంటల తరబడి నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మంచిది. ఖరీదు ఎక్కువ. గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది, షాక్ పనికిరాదు.

గ్యాస్ షాక్ వేస్తే బండి లేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ తేడా చాలా కొద్ది.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

- ఒక యాక్సిల్‌కు రెండు పక్కలా కలిపి జతగా మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు.
- చెవి లోపలి కొలత, బుష్ వెడల్పు, బోల్టు మందం పాత షాక్‌తో పోల్చండి. పైన చెవి ఉందా, పిన్ ఉందా చూడండి.
- సాగిన, ముడిచిన పొడవులు పార్ట్ నంబరు ద్వారా కంపెనీ కేటలాగ్‌లో చూపించమనండి. ఆయిల్ షాక్ అయితే షాపులోనే ముడిచి, సాగదీసి టేపుతో కొలవండి.
- పార్ట్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. వారంటీకి అదే ఆధారం. నూనె మార్చి రంగు వేసిన పాత షాక్‌లు తీసుకోవద్దు.
- ఆయిల్ షాక్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు సాగదీసి ముడవండి. లోపలి గాలి బుడగలు పోతాయి. గ్యాస్ షాక్‌కు ఉన్న పట్టీని చివరి క్షణం దాకా కోయవద్దు.
- బుష్ బోల్టులను చివరిగా బిగించాల్సింది చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు వాటిపై పడ్డాకే. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

బ్రేకులు మరచిపోవద్దు

కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కు, ఛాసిస్‌కు మధ్య చిన్న కడ్డీతో పనిచేసే బ్రేకు వాల్వు ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే అది వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. బండి లేపితే లోడు ఉన్నా లేనట్టే అది భావిస్తుంది, వెనక బ్రేకులు బలహీనపడతాయి. ఈ కడ్డీని సర్వీస్ సెంటర్‌లో మళ్ళీ సర్దించాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు కూడా చూపించండి. బండి లేచినకొద్దీ అవి ఎక్కువ వంపులో తిరిగి త్వరగా అరుగుతాయి.

డెల్టా బండికి ప్రత్యేక శ్రద్ధ

రొయ్యలు, చేపల ట్రేల నుంచి కారే ఉప్పునీరు బోల్టులను తుప్పు పట్టించి, షాక్ కడ్డీ మీది నునుపును తినేస్తుంది. గీత పడిన కడ్డీ సీలును కోస్తుంది, నూనె కారుతుంది. లోడు దింపిన రోజే అడుగు భాగం మంచినీటితో కడగండి. బురద ఎండిపోయాక కడ్డీ మీద గీకి తీయవద్దు, నానబెట్టి కడగండి. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేసిన రోజుల్లో బండికి కాస్త తీరిక దొరికితే కమాన్లు, బుష్‌లు, షాక్‌లు అన్నీ ఒకసారి చూపించుకోండి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఫిట్‌నెస్ తనిఖీలో, ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిములో ఇబ్బంది రావచ్చు. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 194వ సెక్షన్ కింద ₹20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు ₹2,000 జరిమానా ఉంది. పట్టీలు పెంచినా ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు. బ్రేకులు, టైర్లు, యాక్సిల్ పాతవే కదా. లేపిన బండి గట్టు వాలులో తేలిగ్గా ఒరుగుతుంది కూడా. మీ అవసరం ఎక్కువ బరువు మోయడమే అయితే బండి లేపే బదులు మరో ట్రిప్పు వేయడం మేలు.

గుర్తుంచుకోండి

బరువు కమాన్‌ది, ఊపు ఆపడం షాక్‌ది. లేపిన బండికి షాక్ ఎక్కువ సాగాలి, అయినా పాతదంత పొట్టిగా ముడుచుకోవాలి. షాపుకు వెళ్ళేటప్పుడు పాత షాక్‌తోపాటు మీ మూడు కొలతలు రాసిన కాగితం కూడా జేబులో పెట్టుకెళ్ళండి.