విండోస్ 98లో ఫైళ్ళు, అమరికల నిర్వహణ

విండోస్ 98 అనేది మైక్రోసాఫ్ట్ సంస్థ 1998 జూన్ 25న విడుదల చేసిన ఆపరేటింగ్ సిస్టమ్. ఇది 1995లో వచ్చిన విండోస్ 95కు కొనసాగింపు. 2006 జూలై 11తో సంస్థ దీనికి మద్దతు నిలిపివేసింది. అయితే ఆ కాలపు వ్రాతలు, లెక్కలు, ఛాయాచిత్రాలు ఇప్పటికీ ఎందరి ఇళ్ళలోనో ఫ్లాపీలలో, పాత హార్డ్ డిస్కులలో ఉన్నాయి. వాటిని వెలికితీయదలచినవారు ఈ వ్యవస్థ ఫైళ్ళను ఎక్కడ ఉంచేదో, అమరికలను ఎక్కడ వ్రాసుకొనేదో తెలుసుకొని ఉండాలి. తెరమీద కనిపించేది ఒకటి, డిస్కులో నిజంగా ఉన్నది మరొకటి కావడమే ఈ వ్యవస్థలో జరిగే చాలా పొరపాట్లకు మూలం.

డ్రైవులు, ఫోల్డర్లు

ప్రతి డ్రైవుకు ఒక ఆంగ్ల అక్షరం గుర్తుగా ఉంటుంది. ఎ, బి అక్షరాలు ఫ్లాపీ డ్రైవులకు కేటాయించబడ్డాయి. అందువలన హార్డ్ డిస్కు సి అక్షరంతో మొదలవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా సి డ్రైవులోని విండోస్ ఫోల్డరులోను, ఇతర ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోను ఉంటాయి. వాడుకరి సొంత పత్రాలకు మై డాక్యుమెంట్స్ అనే ఫోల్డరు ఉంది.

డెస్క్‌టాప్ ఈ ఫోల్డర్లన్నిటికీ పైన ఉన్నట్లు కనిపిస్తుంది కాని, అది కూడా విండోస్ ఫోల్డరు లోపల ఉన్న ఒక ఫోల్డరే. కాబట్టి వ్యవస్థ చెడిపోయినప్పుడు సి డ్రైవును ఫార్మాట్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఉంచినవి, మై డాక్యుమెంట్స్‌లో ఉంచినవి రెండూ పోతాయి. ఈ కారణంగానే అనుభవజ్ఞులు డిస్కును రెండు భాగాలుగా విభజించి, తమ పనిని డి డ్రైవులో దాచుకొనేవారు. అయితే డిస్కే పాడైతే ఈ ఏర్పాటు కూడా కాపాడదు.

ఫైలు పేర్లు

డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, పొడిగింపుకు మూడు అక్షరాలు మాత్రమే అనుమతించబడేవి. విండోస్ 95 నుండి పేరు 255 అక్షరాల వరకు ఉండవచ్చు. \ / : * ? " < > | అనే గుర్తులు మాత్రం పేరులో ఉండకూడదు. పొడవైన పేరు గల ప్రతి ఫైలుకు వ్యవస్థ ఒక పొట్టిపేరు కూడా పెడుతుంది. అందులో సాధారణంగా అసలు పేరులోని మొదటి ఆరు అక్షరాలు, ఒక అలగీత, ఒక అంకె ఉంటాయి. విండోస్ లేకుండా నేరుగా డాస్‌లో నకలు తీసిన ఫైళ్ళకు ఈ పొట్టిపేర్లే మిగులుతాయి. పాత ఫ్లాపీలలో ఏది ఏ పత్రమో పోల్చుకోలేకపోవడానికి ఇదొక కారణం.

తనకు తెలిసిన పొడిగింపులను విండోస్ 98 తెరపై చూపించదు. ఇది మంచి ఏర్పాటు కాదు. 2000 మే నెలలో వ్యాపించిన ఐ లవ్ యు వైరస్ దీనినే ఆసరా చేసుకొంది. ఆ ఈమెయిలుకు జతపరచిన ఫైలు పేరు చివర .టీఎక్స్‌టీ.వీబీఎస్ అని ఉండేది. చివరి పొడిగింపు కనబడనందున అది మామూలు పాఠ్యఫైలని నమ్మి తెరిచినవారి కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. వ్యూ మెనూలోని ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఈ దాపరికాన్ని తొలగించవచ్చు.

నకలు, తరలింపు

ఫైలును మౌసుతో పట్టి లాగినప్పుడు ఫలితం ఎప్పుడూ ఒకే విధంగా ఉండదు. అదే డ్రైవులోని మరో ఫోల్డరుకు లాగితే ఫైలు తరలిపోతుంది. వేరే డ్రైవుకు లాగితే నకలు ఏర్పడుతుంది. ప్రోగ్రాము ఫైలును లాగితే సాధారణంగా షార్ట్‌కట్ మాత్రమే తయారవుతుంది. కుడి మీటతో లాగితే ఏమి చేయాలో వ్యవస్థే అడుగుతుంది. కొత్తవారికి ఇదే క్షేమం.

షార్ట్‌కట్ అంటే అసలు ఫైలు చిరునామా వ్రాసి ఉన్న చీటీ వంటిది. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను ఫ్లాపీలోకి ఎక్కించుకొని, పత్రమే తమ వెంట ఉన్నదనుకొని వెళ్ళి, తీరా అక్కడ తెరవలేక వెనుదిరిగిన విద్యార్థులు చాలామంది ఉన్నారు. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉన్నదేమో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

తొలగింపు

హార్డ్ డిస్కు నుండి తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌కు చేరుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే డ్రైవులో 10 శాతం స్థలం దీనికి కేటాయించబడుతుంది. అది నిండితే ముందుగా చేరినవి ముందుగా పోతాయి. ఫ్లాపీ నుండి, నెట్‌వర్కు నుండి తొలగించినవి, షిఫ్ట్ మీట నొక్కి ఉంచి తొలగించినవి దీనిలోకి రావు.

బిన్ నుండి కూడా తొలగించిన తరువాత సైతం ఫైలులోని సమాచారం వెంటనే చెరిగిపోదు. ఫైళ్ళ పట్టికలో పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక గుర్తు పడుతుంది. ఆ స్థలం ఖాళీగా ఉన్నట్లు నమోదవుతుంది. అందుకే పాత డాస్‌లోని అన్‌డిలీట్ ఆదేశం మొదటి అక్షరం ఏమిటని వాడుకరినే అడిగేది. పొరపాటున ముఖ్యమైన ఫైలు పోతే, ఆ డ్రైవులో మరేమీ వ్రాయకుండా ఉంటే దానిని తిరిగి పొందే అవకాశం ఉంటుంది. పునరుద్ధరణ ప్రోగ్రామును అదే డ్రైవులో స్థాపించడం మాత్రం ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే.

అమరికలు

సామాన్య వాడుకరి మార్చదగిన అమరికలు కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటాయి. తేదీ రూపం ముఖ్యంగా గమనించదగినది. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది కనుక 03/04/99 మార్చి 4 అవుతుంది; మన పద్ధతిలో అదే ఏప్రిల్ 3. రీజినల్ సెట్టింగ్స్‌లో దీనిని సరిచేసుకోవాలి.

ఈ అమరికలలో అధికభాగం రిజిస్ట్రీలో నమోదవుతాయి. విండోస్ 98లో ఇది ప్రధానంగా సిస్టమ్.డాట్, యూజర్.డాట్ అనే రెండు ఫైళ్ళలో ఉంటుంది. ప్రోగ్రాము ఫోల్డరును తొలగించినంత మాత్రాన రిజిస్ట్రీలోని దాని నమోదులు పోవు. అందుకు కంట్రోల్ ప్యానెల్‌లోని యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్ వాడాలి. రిజిస్ట్రీ చెడితే కంప్యూటరు మొదలుకాకపోవచ్చు. విండోస్ 98 రోజుకొకసారి దీని నకలు తీసి, చివరి ఐదింటిని ఉంచుతుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కంట్రోల్ మీట నొక్కి పట్టి, వచ్చిన మెనూలో కమాండ్ ప్రాంప్ట్ ఎంచుకొని, స్కాన్‌రెగ్ /రిస్టోర్ అనే ఆదేశంతో వాటిలో ఒకదానిని తిరిగి నెలకొల్పవచ్చు. ఈ సంగతి తెలియక వ్యవస్థ మొత్తాన్ని మళ్ళీ స్థాపించి, పత్రాలు పోగొట్టుకొన్నవారున్నారు.

తెలుగు పత్రాలు

మైక్రోసాఫ్ట్ విండోస్‌లో తెలుగు యూనికోడ్ మద్దతు గౌతమి ఖతితో పాటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. అంతకుముందు విండోస్ 98లో అను వంటి ఖతులతో టైపు చేసిన పత్రాలలో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఆంగ్ల అక్షరాలు, ఇతర గుర్తుల సంకేతాలే ఉంటాయి. వాటికి తెలుగు రూపాన్ని ఇచ్చేది ఖతి. ఆ ఖతి లేని కంప్యూటరులో పత్రం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. దానిని పాడైన ఫైలుగా భావించి తొలగించరాదు.

పాత డిస్కు నుండి ఇటువంటి పత్రాలను తీసేటప్పుడు విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఉపఫోల్డరును కూడా నకలు చేసుకోవాలి. ఒక్కొక్క సంస్థ ఖతిలో సంకేతాలు ఒక్కొక్క విధంగా ఉంటాయి కనుక, ఏ ఖతితో వ్రాశారో తెలిస్తేనే పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చడం వీలవుతుంది. కుటుంబ చరిత్రలు, అచ్చుకు నోచుకోని వ్రాతలు ఈ రూపంలో ఉన్నవారు పత్రంతో పాటు ఖతి పేరును కూడా వ్రాసి ఉంచుకోవాలి.