వై-ఫై పరిధిని పెంచే యాంటెన్నాలు: నాంగి అనుభవం

సాధారణ వై-ఫై రూటరు సంకేతం ఇల్లు దాటితే బలహీనపడుతుంది. దాని యాంటెన్నా శక్తిని నలుదిక్కులకూ వెదజల్లడమే ఇందుకు ప్రధాన కారణం. డిష్ యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. ఉన్నదానినే ఒక దిశకు కేంద్రీకరిస్తుంది. టార్చిలైటులో బల్బు వెనుక అద్దం చేసే పని ఇదే.

నేపాల్‌లోని మ్యాగ్దీ జిల్లా నాంగి గ్రామానికి ఉపాధ్యాయుడు మహాబీర్ పున్ ఈ సూత్రంతోనే ఇంటర్నెట్‌ను రప్పించారు. టెలివిజన్ డిష్‌లను యాంటెన్నాలుగా మలిచి, చెట్లకు బిగించి, కొండ శిఖరాలపై రిలే కేంద్రాల ద్వారా గ్రామాన్ని పోఖరాతో అనుసంధానించారు. అంతర్యుద్ధం నడుస్తూ, వైర్‌లెస్ పరికరాలపై ఆంక్షలున్న రోజులవి. 2007లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

శిఖరాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గోడలు, తడి ఆకులు దానిని పీల్చుకుంటాయి. నడుమ కొండ అడ్డుపడితే ఎంత పెద్ద డిష్ అయినా నిష్ఫలమే. రేకు డబ్బాతో ఇంట్లో చేసుకునే యాంటెన్నాకూ ఇదే వర్తిస్తుంది. అందులోని రాగి తీగ తరంగంలో నాలుగో వంతు, అంటే మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ పొడవుండాలి.

భారత్‌లో ఈ బ్యాండ్‌కు లైసెన్సు అక్కరలేదు. అయితే యాంటెన్నా కేంద్రీకరణను కలుపుకొని లెక్కించిన ప్రసార శక్తి 4 వాట్లు మించరాదు. అసలు చిక్కు ఇక్కడే: డిష్ పెద్దదైన కొద్దీ, రూటరు శక్తిని తగ్గించకపోతే, ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది.