లైసెన్స్ రాజ్

ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పెంచాలన్నా, మరో ఊరికి మార్చాలన్నా, కొత్త సరుకు తయారు చేయాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలన్న విధానానికి భారతదేశంలో స్థిరపడిన పేరు లైసెన్స్ రాజ్. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం దీనికి పునాది.

వ్యాపారుల మీద దీన్ని నెహ్రూ ఒక్కడే రుద్దాడనడం సరికాదు. 1944లో జె.ఆర్.డి. టాటా, జి.డి. బిర్లా తదితరులు వెలువరించిన బొంబాయి ప్రణాళిక సైతం ప్రభుత్వ పెట్టుబడినీ అదుపునూ ఆహ్వానించింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం 17 పరిశ్రమలను ప్రభుత్వ రంగానికే కేటాయించింది. ఆ ఏడే మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక ముసాయిదాను ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ ముందే అసమ్మతి పత్రం రాసి వ్యతిరేకించాడు; ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

రాజకీయంగా ఎదురు నిలిచింది 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ. 'లైసెన్స్-పర్మిట్-కోటా రాజ్' అన్న ఎత్తిపొడుపు దాని స్థాపకుడు రాజాజీ (సి. రాజగోపాలాచారి)ది. పార్టీ అధ్యక్షుడు మాత్రం నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. కాంగ్రెస్‌తో ఆయనకు చెడింది ఫ్యాక్టరీల దగ్గర కాదు, కాంగ్రెస్ నాగపూర్ సమావేశం తలకెత్తుకున్న సహకార సేద్యం దగ్గర. 1967లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది.

పెద్ద సంస్థలకు కళ్లెం వేయడానికి తెచ్చిన లైసెన్సు చివరికి వాటికే కంచె అయింది. బిర్లా సంస్థలు లెక్కకు మించి లైసెన్సులు పోగేసి పోటీదారులకు దారి మూశాయని 1967లో ఆర్.కె. హజారీ నివేదిక తేల్చింది. ప్రభుత్వం దీనికి చేసిన వైద్యం మరిన్ని చట్టాలు: 1969లో గుత్తాధిపత్య నిరోధానికి ఒకటి, 1973లో విదేశీ మారకద్రవ్యానికి ఇంకొకటి. ఉత్పత్తి పెంచడానికీ అనుమతి కావాల్సి రావడంతో స్కూటరు బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

1991లో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మించి లేని స్థితిలో బంగారం కుదువ పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూపరిమితికి పట్టుబట్టిన పి.వి. నరసింహారావు, ప్రధానిగా పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నాడు. జూలై 24న, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ రోజునే వచ్చిన కొత్త విధానం 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు తీసేసింది. ఆ ఘనతలో పీవీ వాటాకు ఆలస్యంగా గుర్తింపు దక్కింది.

1951 చట్టం ఇంకా రద్దు కాలేదు. సిగరెట్లు, పారిశ్రామిక పేలుడు పదార్థాల తయారీకి లైసెన్సు ఇప్పటికీ తప్పనిసరి.